ప్రైవేటు స్థలంలో బ్లూ బ్యాడ్జ్: కారు నిలిపే ముందు, నోటీసు వచ్చాక ఏం చేయాలి

బ్రిటన్‌లో స్థానిక కౌన్సిల్ వికలాంగులకు పార్కింగ్ కోసం ఇచ్చే గుర్తింపు కార్డు అయిన బ్లూ బ్యాడ్జ్‌కు ప్రభుత్వ రోడ్డు మీద ఉన్న బలం సూపర్‌మార్కెట్ ఆవరణలో గాని, రిటైల్ పార్కులో గాని, అపార్ట్‌మెంట్ల ముందున్న ఖాళీ స్థలంలో గాని ఉండదు. ఈ తేడా తెలియక, బ్యాడ్జ్‌ను అద్దం వెనుక సక్రమంగానే పెట్టి, వారం పది రోజుల తరువాత ఇంటికి వచ్చిన 100 పౌండ్ల నోటీసు చూసి ఆశ్చర్యపోయేవారు చాలామంది. ఇంగ్లండ్‌లోనో వేల్స్‌లోనో ఉంటూ స్వయంగా బ్యాడ్జ్ వాడుతున్నవారికి, నడవలేని తల్లిదండ్రులనో జీవిత భాగస్వామినో పిల్లలనో కారులో తీసుకువెళ్ళేవారికి పనికివచ్చే క్రమంలో ఈ వివరాలు ఇస్తున్నాను. స్కాట్లాండ్, ఉత్తర ఐర్లాండ్‌లలో కొన్ని నియమాలు వేరుగా ఉంటాయి కాబట్టి అక్కడివారు దీన్ని యథాతథంగా అన్వయించుకోకూడదు.

బ్యాడ్జ్ అధికారం ఎక్కడి వరకు

ఈ పథకానికి మూలం 1970 నాటి దీర్ఘకాలిక రోగులు, వికలాంగుల చట్టంలోని 21వ సెక్షన్. 1971లో నారింజ రంగు బ్యాడ్జ్‌గా మొదలై, 2000 నుంచి నీలం రంగులోకి మారింది. 2019 ఆగస్టు 30 నుంచి ఇంగ్లండ్‌లో పైకి కనిపించని వైకల్యాలు ఉన్నవారికి కూడా దీన్ని ఇస్తున్నారు. ఆ చట్టం ఇచ్చిన మినహాయింపులన్నీ ప్రభుత్వ రోడ్ల మీది ట్రాఫిక్ ఉత్తర్వులకు సంబంధించినవే. మీటర్ల వద్ద రుసుము లేకుండా నిలపడం, సరుకు ఎత్తడం దించడంపై నిషేధం లేని చోట పసుపు గీతల మీద 3 గంటల వరకు నిలపడం, అందుకు గడియారం బిళ్ళపై వచ్చిన సమయం తిప్పి పెట్టడం, ఇవన్నీ రోడ్డు నియమాలు. లండన్ నడిబొడ్డున సిటీ, వెస్ట్‌మినిస్టర్, కెన్సింగ్టన్–చెల్సీ, కామ్‌డెన్‌లో కొంత భాగం ఈ రోడ్డు మినహాయింపులను కూడా పూర్తిగా పాటించవు. అక్కడికి వెళ్ళే ముందు ఆ కౌన్సిల్ నియమాలు విడిగా చూసుకోవాలి.

ప్రైవేటు స్థలం ఈ పథకం పరిధిలోనే లేదు. మరి సూపర్‌మార్కెట్ ముందు వీల్‌చెయిర్ బొమ్మ గీసిన వెడల్పాటి గడులు ఎందుకున్నాయని మీరు అడగవచ్చు. వాటికి ఆధారం 2010 నాటి సమానత్వ చట్టం. ప్రజలకు సేవలందించే ప్రతి సంస్థ, వికలాంగులు ఇతరులతో పోలిస్తే గణనీయంగా ఇబ్బంది పడకుండా తగిన సర్దుబాట్లు చేయాలని ఆ చట్టంలోని 20, 29 సెక్షన్లు చెబుతాయి. ఆ గడులను ఎవరు వాడుకోవచ్చో తేల్చడానికి యజమానులు బ్లూ బ్యాడ్జ్‌ను గుర్తింపుగా ఎంచుకున్నారు, అంతే. కాబట్టి ప్రైవేటు స్థలంలో బ్యాడ్జ్ మీ పరిస్థితికి రుజువుగా పనికివస్తుంది గాని, దానంతట అదే అనుమతి కాదు. అనుమతి ఇచ్చేది అక్కడి బోర్డు. మీ హక్కును కాపాడేది సమానత్వ చట్టం. కింద చెప్పే ప్రతి అడుగూ ఈ రెండింటి మీదే ఆధారపడి ఉంటుంది.

మొదటి అడుగు: స్థలం ఎవరి అదుపులో ఉందో తేల్చుకోండి

కారు దిగగానే బోర్డు కింది భాగం చూడండి. కౌన్సిల్ పేరు ఉంటే అది కౌన్సిల్ నడిపే పార్కింగ్. అక్కడ కూడా, రోడ్డు మీద కాదు కాబట్టి, బ్లూ బ్యాడ్జ్ ఉన్నవారు రుసుము కట్టాలా వద్దా అన్నది ఆ కౌన్సిల్ ఇష్టం; కొన్ని ఉచితంగా ఇస్తాయి, కొన్ని డబ్బు తీసుకుని కొంత అదనపు సమయం ఇస్తాయి. కంపెనీ పేరు, దాని కింద బ్రిటిష్ పార్కింగ్ అసోసియేషన్ లేదా ఇంటర్నేషనల్ పార్కింగ్ కమ్యూనిటీ గుర్తు ఉంటే అది ప్రైవేటు. ఈ రెండు సంఘాల్లో ఏది అన్నది ఇప్పుడే గమనించి పెట్టుకోండి, తరువాత అప్పీలుకు ఆ వివరం కావాలి.

విమానాశ్రయాలు, రైల్వే స్టేషన్లు మూడో రకం. వాటిలో చాలావాటికి సొంత ఉపవిధులు ఉంటాయి. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను దింపడానికి, ఎక్కించడానికి మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళే హీత్రోలో టెర్మినల్ ముందు దింపే చోట 2021 నవంబరు నుంచి రుసుము ఉంది. బ్లూ బ్యాడ్జ్ ఉన్నవారికి దాని నుంచి పూర్తి మినహాయింపు ఉన్నా, అది దానంతట అదే వర్తించదు. వాహనం, బ్యాడ్జ్ వివరాలతో మినహాయింపు కోసం దరఖాస్తు చేసుకోవాలి.

ఆసుపత్రుల్లోనూ ఇదే జాగ్రత్త కావాలి. ఇంగ్లండ్‌లోని ఎన్‌హెచ్ఎస్ ఆసుపత్రులు బ్లూ బ్యాడ్జ్ ఉన్నవారికి ఉచితంగా పార్కింగ్ ఇవ్వాలన్నది విధానం. అయినా చాలా చోట్ల ఆ ఆవరణను నడిపేది ప్రైవేటు కంపెనీయే కనుక, రిసెప్షన్‌లోనో పార్కింగ్ కార్యాలయంలోనో కారు నంబరు ఇచ్చి నమోదు చేయించుకోకపోతే కెమెరా లెక్కలో మీరు డబ్బు కట్టనివారుగానే మిగిలిపోతారు.

రెండో అడుగు: బోర్డును ఒప్పందంలా చదవండి

ప్రైవేటు స్థలంలో మీరు కారు నిలిపితే, బోర్డు మీది షరతులకు ఒప్పుకున్నట్టే చట్టం భావిస్తుంది. 2015లో పార్కింగ్ ఐ కంపెనీకి, బీవిస్ అనే వాహనదారుకు మధ్య నడిచిన కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. చెల్మ్స్‌ఫర్డ్‌లోని ఒక రిటైల్ పార్కులో 2 గంటల ఉచిత గడువు దాటి 56 నిమిషాలు ఎక్కువ ఉన్నందుకు వేసిన 85 పౌండ్ల చార్జీ చెల్లుతుందని, బోర్డులు పెద్దవిగా, స్పష్టంగా ఉన్నాయని కోర్టు చెప్పింది. కాబట్టి ప్రైవేటు కంపెనీ వేసే చార్జీలు ఏవీ చెల్లవు, చించి పారేయవచ్చు అని ఇప్పటికీ ఎవరైనా వాట్సాప్‌లో సలహా ఇస్తే వినకండి. ఆ సలహాకు కాలం చెల్లింది.

బోర్డు మీద మూడు సంగతులు ప్రత్యేకంగా వెతకండి. గరిష్ఠ సమయం బ్లూ బ్యాడ్జ్ ఉన్నవారికి కూడా వర్తిస్తుందా? చాలా సూపర్‌మార్కెట్లలో వర్తిస్తుంది. రుసుము ఉంటే అది మీకు మినహాయింపా, కాదా? బోర్డు ఏమీ చెప్పకపోతే కట్టాల్సిందేనని అనుకోవడమే క్షేమం. బ్యాడ్జ్‌ను అద్దం వెనుక పెడితే సరిపోతుందా, లేక లోపల యంత్రంలో కారు నంబరు నమోదు చేయాలా? నా దృష్టిలో ఈ మూడో ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యమైనది. ఈ రోజుల్లో చాలా ప్రైవేటు ఆవరణలను మనిషి కాక నంబరు ప్లేటు చదివే కెమెరా కాపలా కాస్తుంది. ఆ కెమెరాకు మీ ప్లేటు కనిపిస్తుంది గాని, డ్యాష్‌బోర్డు మీది బ్యాడ్జ్ కనిపించదు. పైగా అది కొలిచేది మీరు గడిలో కారు నిలిపిన సమయాన్ని కాదు, గేటు దాటి లోపలికి వచ్చిన క్షణం నుంచి బయటికి వెళ్ళిన క్షణం వరకు. వీల్‌చెయిర్ గడి ఖాళీ అయ్యేదాకా లోపల తిరిగిన పదిహేను నిమిషాలు, వీల్‌చెయిర్ మడిచి డిక్కీలో పెట్టిన పది నిమిషాలు కూడా మీ లెక్కలోనే పడతాయి.

బ్యాడ్జ్‌ను పెట్టేటప్పుడు వీల్‌చెయిర్ గుర్తు ఉన్న వైపు పైకి, ఫొటో ఉన్న వైపు కిందికి ఉంచి, గడువు తేదీ బయటికి కనబడేలా చూడండి. బ్యాడ్జ్ కారుకు చెందింది కాదు, మనిషికి చెందింది. ఆ వ్యక్తి ప్రయాణిస్తున్న ఏ కారులోనైనా, స్నేహితుడి కారులోనైనా, ట్యాక్సీలోనైనా వాడుకోవచ్చు. ఆ వ్యక్తి ఇంట్లో ఉండగా ఆయన బ్యాడ్జ్ పెట్టుకుని మరొకరు బజారుకు వెళ్ళడం మాత్రం నేరం. 1,000 పౌండ్ల వరకు జరిమానా పడవచ్చు, బ్యాడ్జ్‌ను కూడా వెనక్కు తీసుకోవచ్చు. ఇంకొక సంగతి: బ్యాడ్జ్‌ను పరిశీలించే, స్వాధీనం చేసుకునే చట్టబద్ధమైన అధికారం పోలీసులకు, కౌన్సిల్ అధికారులకు ఉంది. ప్రైవేటు కంపెనీ ఉద్యోగి చూపించమని మర్యాదగా అడగవచ్చు గాని, లాక్కునే అధికారం అతనికి లేదు.

మూడో అడుగు: అదనపు సమయం కావాలంటే ముందే అడగండి

ఇది చాలామంది దాటవేసే అడుగు. మీకో, మీ వెంట ఉన్నవారికో వైకల్యం వల్ల పనులకు ఎక్కువ సమయం పడుతుందనుకోండి. దుకాణంలోకి వెళ్ళగానే కస్టమర్ సర్వీస్ బల్ల వద్ద కారు నంబరు చెప్పి, గడువు పొడిగించమని అడగండి. చాలా దుకాణాల్లో ఆ పని రెండు నిమిషాల్లో అయిపోతుంది. వారు ఒప్పుకుంటే ఎవరు, ఎన్ని గంటలకు ఒప్పుకున్నారో ఫోన్‌లో రాసుకోండి. అదే దుకాణానికి తరచుగా వెళ్ళేవారు దుకాణం యాజమాన్యానికి ఈమెయిల్ పంపి, సమానత్వ చట్టం కింద తగిన సర్దుబాటుగా మీ కారు నంబరును శాశ్వతంగా మినహాయింపు జాబితాలో చేర్చమని కోరడం ఇంకా మేలు. డబ్బు కట్టే యంత్రం వీల్‌చెయిర్‌లో ఉన్నవారికి అందనంత ఎత్తులో ఉన్నా, ఫోన్ యాప్ తప్ప వేరే మార్గం లేక చూపు తక్కువైనవారు వాడలేకపోయినా, అప్పటికప్పుడు ఫొటో తీసి, బోర్డు మీది నంబరుకు ఫోన్ చేసి చెప్పండి.

మీరు ఉంటున్న అపార్ట్‌మెంట్ ముందు స్థలం సంగతి వేరు. స్లౌ, రెడింగ్, మిల్టన్ కీన్స్ వంటి ఊళ్ళలో అద్దెకుంటున్న కుటుంబాలకు పర్మిట్ కాగితం అంటించకపోతే సొంత ఇంటి ముందే నోటీసు పడటం మామూలైపోయింది. బ్లూ బ్యాడ్జ్ ఆ పర్మిట్‌కు బదులు కాదు. ముందుగా అద్దె ఒప్పందంలో పార్కింగ్ గురించి ఏం రాశారో చదవండి. అందులో మీకు స్థలం ఇచ్చి ఉంటే, తరువాత వచ్చిన కంపెనీ తన బోర్డుతో ఆ హక్కును సులభంగా తీసివేయలేదు. లేకపోతే భవనాన్ని చూసుకునే ఏజెంటుకు రాతపూర్వకంగా అడగండి.

సందర్శకుల వీసాపై వచ్చిన తల్లిదండ్రుల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. బ్లూ బ్యాడ్జ్ దరఖాస్తుకు కౌన్సిల్ నివాస రుజువు అడుగుతుంది కనుక, కొద్ది నెలలకు వచ్చినవారికి అది సాధారణంగా దొరకదు. మన ఊళ్ళో ఇచ్చిన సదరం సర్టిఫికెట్‌ను గాని, భారత ప్రభుత్వ వైకల్య గుర్తింపు కార్డును గాని అద్దం వెనుక పెట్టినంత మాత్రాన అది బ్లూ బ్యాడ్జ్‌గా చెల్లదు. అయితే సమానత్వ చట్టం బ్యాడ్జ్ ఉన్నవారికే పరిమితం కాదు. రోజువారీ పనులకు గణనీయంగా అడ్డుపడే, 12 నెలలు లేదా అంతకు మించి ఉండే శారీరక, మానసిక లోపం ఉన్న ఎవరికైనా అది వర్తిస్తుంది. కాబట్టి సదరం సర్టిఫికెట్‌ను దాచి ఉంచండి. దుకాణంలో అదనపు సమయం అడిగేటప్పుడు, తరువాత అప్పీలు రాసేటప్పుడు వైద్య రుజువులతో పాటు దాన్ని జతచేయవచ్చు.

నాలుగో అడుగు: నోటీసు వస్తే ముందు తేదీలు చూడండి

కౌన్సిల్ నోటీసును, ప్రైవేటు కంపెనీ నోటీసును రెండింటినీ పీసీఎన్ అనే పిలుస్తారు, రంగూ రూపమూ కూడా ఒకేలా ఉంటాయి. కౌన్సిల్‌ది చట్టబద్ధమైన జరిమానా, దాని మీద అప్పీలు ట్రిబ్యునల్‌కు వెళ్తుంది. ప్రైవేటు కంపెనీది ఒప్పందాన్ని ఉల్లంఘించారంటూ పంపిన బిల్లు. కింద చెప్పేదంతా ఆ రెండో దాని గురించే.

డ్రైవరు ఎవరో తెలియనప్పుడు కారు యజమానిగా నమోదైన వ్యక్తి నుంచి డబ్బు రాబట్టే హక్కును ప్రైవేటు కంపెనీలకు ఇచ్చింది 2012 నాటి స్వేచ్ఛల రక్షణ చట్టంలోని 4వ షెడ్యూలు. ప్రైవేటు స్థలంలో కారు చక్రాలకు తాళం వేయడాన్ని నిషేధించింది కూడా ఆ చట్టమే. అయితే ఆ హక్కుకు గట్టి షరతులున్నాయి. కారుపై నోటీసు అంటించకుండా కెమెరా ఆధారంగా పంపితే, పార్కింగ్ ముగిసిన మరునాటి నుంచి 14 రోజుల్లోపు ఆ ఉత్తరం నమోదైన యజమానికి అందాలి. పోస్టు చేసిన తరువాత రెండో పనిదినాన అందినట్టు లెక్కిస్తారు. కారుపై ముందే నోటీసు అంటించి ఉంటే, ఉత్తరం 28 రోజుల తరువాత, 56వ రోజు లోపల రావాలి. ఈ గడువు తప్పితే యజమాని మీద బాధ్యత పడదు. డ్రైవరు ఎవరో ప్రైవేటు కంపెనీకి చెప్పి తీరాలన్న నిర్బంధమూ మీకు లేదు. అందుకే, తేదీలు లెక్క చూడకుండా, నేనే కారు నిలిపాను అని మొదటి ఉత్తరంలోనే రాయకండి. ఉపవిధుల కింద నడిచే విమానాశ్రయ, రైల్వే స్థలాలకు ఈ షెడ్యూలు వర్తించదు.

కంపెనీ మీ చిరునామాను వాహనాల రిజిస్ట్రేషన్ సంస్థ డీవీఎల్ఏ నుంచి రికార్డుకు 2.50 పౌండ్లు కట్టి తీసుకుంటుంది. ఉద్యోగం మారి, ఊరు మారి, ఇల్లు మారినా కారు రిజిస్ట్రేషన్ పుస్తకంలో పాత చిరునామానే ఉంచేవారు మనలో తక్కువ కాదు. ఉత్తరాలన్నీ పాత ఇంటికి వెళ్తే, ఒకరోజు ఇంటి రుణానికి దరఖాస్తు చేసినప్పుడు మీ పేరున కోర్టు తీర్పు ఉందని తెలుస్తుంది. ఇల్లు మారిన వారంలోనే ఆ పుస్తకంలో చిరునామా మార్పించండి.

ఐదో అడుగు: ముందు స్థలం యజమానికి, తరువాత కంపెనీకి రాయండి

పార్కింగ్ కంపెనీని పెట్టుకున్నది దుకాణమో, రిటైల్ పార్కు యజమానో. మీరు వారి కస్టమరు. బిల్లు రసీదు, బ్యాడ్జ్ రెండు వైపుల నకలు, నోటీసు నంబరు పెట్టి దుకాణం మేనేజరుకు గాని, ప్రధాన కార్యాలయానికి గాని రాస్తే, నోటీసును రద్దు చేయమని వారే కంపెనీకి చెప్పగలరు. ఇంతకంటే సులభమైన దారి లేదు, కాబట్టి అప్పీలు గడువు నడుస్తుండగానే ఈ పని కూడా చేయండి.

కంపెనీకి పంపే అప్పీలును 28 రోజుల్లోపు, వీలైతే తగ్గింపు గడువైన 14 రోజుల్లోపే పంపండి. 2024 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న రెండు సంఘాల ఉమ్మడి నియమావళి ప్రకారం చార్జీ 100 పౌండ్లు మించకూడదు, 14 రోజుల్లో కడితే 40 శాతం తగ్గించాలి, అనుమతించిన సమయం ముగిశాక కనీసం 10 నిమిషాలు ఓపిక పట్టాలి. మీరు దాటింది పది నిమిషాల లోపే అయితే ఆ ఒక్క మాటే చాలు. లేకపోతే ఉత్తరంలో ఈ సంగతులు వరుసగా రాయండి: కారులో ఉన్న వ్యక్తి సమానత్వ చట్టం 6వ సెక్షన్ ప్రకారం వైకల్యం ఉన్నవారని; ఆ వైకల్యం వల్ల ఫలానా పనికి ఇంత అదనపు సమయం పట్టిందని, లేదా ఫలానా యంత్రాన్ని వాడలేకపోయారని; 20, 29 సెక్షన్ల కింద తగిన సర్దుబాటు చేయాల్సిన బాధ్యత కంపెనీకి, స్థలం యజమానికి ముందు నుంచే ఉందని, ఎవరో వచ్చి అడిగినప్పుడు పుట్టే బాధ్యత కాదని; అందుకే చార్జీని రద్దు చేయాలని. కోపంగా రాయకండి. నిమిషాలు, మెట్లు, దూరం వంటివి కచ్చితంగా రాయండి. నొప్పి ఎక్కువైంది అన్న మాటకంటే, వీల్‌చెయిర్‌ను కారులోంచి దించి మనిషిని కూర్చోబెట్టడానికి ఎంత సమయం పడుతుందో చెప్పే మాట బలంగా నిలుస్తుంది.

బ్యాడ్జ్ పెట్టడం మరిచిపోయారా, లేక అది కిందికి జారిపోయిందా? ఆ మాట దాచకండి. ఆ రోజుకు చెల్లుబాటులో ఉన్న బ్యాడ్జ్ నకలు పంపి, ఆ వ్యక్తి కారులో ఉన్నారని రసీదుతోనో, అపాయింట్‌మెంట్ ఉత్తరంతోనో చూపితే చాలా కంపెనీలు చార్జీని తగ్గిస్తాయి లేదా వదిలేస్తాయి.

ఆరో అడుగు: తిరస్కరిస్తే స్వతంత్ర అప్పీలు

బ్రిటిష్ పార్కింగ్ అసోసియేషన్ కంపెనీ అయితే తిరస్కరణ ఉత్తరంలో పోప్లా (ఆ సంఘం కంపెనీలపై అప్పీళ్ళు చూసే స్వతంత్ర సేవ) కోడ్ ఇస్తుంది, 28 రోజుల్లో అక్కడ ఉచితంగా అప్పీలు చేసుకోవచ్చు. ఇంటర్నేషనల్ పార్కింగ్ కమ్యూనిటీ కంపెనీ అయితే ఐఏఎస్ అనే ఇండిపెండెంట్ అప్పీల్స్ సర్వీస్‌కు వెళ్ళాలి, గడువు ఉత్తరంలోనే ఉంటుంది. ఇక్కడికి వస్తే తగ్గింపు ధర పోతుందన్నది గుర్తుంచుకోండి. పోప్లా నిర్ణయానికి కంపెనీ కట్టుబడాలి, మీరు కట్టుబడనక్కరలేదు. కానీ పోప్లా చూసేది ఒప్పందం, బోర్డులు, నోటీసు తేదీల వంటి విషయాలనే; మానవతా కారణాలను సాధారణంగా పట్టించుకోదు. అందుచేత అక్కడ సమానత్వ చట్టం మాటను వదలకుండా ఉంచుతూనే, వీల్‌చెయిర్ గడి దగ్గర నుంచి బోర్డు చదవగలిగేలా ఉందా, షరతులు బ్లూ బ్యాడ్జ్ ఉన్నవారికి వర్తిస్తాయని స్పష్టంగా రాశారా, 14 రోజుల గడువు పాటించారా అన్న వాటిని ముందు పెట్టండి.

ఏడో అడుగు: కోర్టు కాగితాలు

రంగురంగుల హెచ్చరికలతో వసూలు ఏజెన్సీలు పంపే ఉత్తరాలకు కోర్టు అధికారం ఏదీ లేదు, అయినా దాచిపెట్టండి. క్లెయిమ్‌కు ముందు పంపే ఉత్తరం వస్తే 30 రోజుల్లో జవాబివ్వాలి. కోర్టు నుంచి క్లెయిమ్ ఫారం వస్తే ఎట్టి పరిస్థితుల్లోనూ పక్కన పెట్టకండి. అది అందిన 14 రోజుల్లో అందినట్టు నమోదు చేస్తే, మీ వాదన దాఖలు చేయడానికి మొత్తం 28 రోజులు దొరుకుతాయి. జవాబివ్వకపోతే తీర్పు మీకు వ్యతిరేకంగా వస్తుంది. నెలలోపు పూర్తిగా కడితే అది రిజిస్టరు నుంచి పోతుంది, లేకపోతే 6 ఏళ్ళు మీ క్రెడిట్ చరిత్రలో ఉంటుంది.

సమానత్వ చట్టాన్ని అడ్డుపెట్టి వాదించడం ఒకటి, ఆ చట్టం కింద మీరే పరిహారం కోరుతూ దావా వేయడం మరొకటి. రెండో దానికి సంఘటన జరిగిన నాటి నుంచి ఆరు నెలలకు ఒక రోజు తక్కువే గడువు. పార్కింగ్ కంపెనీ కోర్టుకు వచ్చేసరికి ఆ గడువు దాటిపోయి ఉండే అవకాశం ఎక్కువ కనుక, పరిహారం కోరే ఆలోచన ఉంటే మొదటి తిరస్కరణ వచ్చిన వెంటనే సమానత్వ సలహా, సహాయ సేవ వారికి గాని, సిటిజన్స్ అడ్వైస్‌కు గాని ఫోన్ చేయండి. విచారణ దాకా వెళ్తే, కోర్టు పంపే ప్రశ్నావళిలో మీ ఇంటికి దగ్గరున్న కౌంటీ కోర్టును కోరండి. మెట్లు లేని గది, మధ్యలో విరామం, ఫోన్ ద్వారా విచారణ వంటి ఏర్పాట్లు ఏవి కావాలో అప్పుడే కోర్టుకు రాతపూర్వకంగా తెలపండి.